గాబరాకు చెంచాడు ఖమీరా: ఇంట్లో ఉన్న మూలికల్లో ఏది ఎవరికి మంచిది, ఏది ఎవరికి పడదు

బందరులో గాలి తీరు మారిందంటే చాలు, పెద్దవాళ్ల గుండెల్లో గుబులు మొదలవుతుంది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో చెబుతారు. ఫోనులో హెచ్చరిక మోగుతుంది. మంచం మీద కూర్చున్న దాదీ చేతులు చల్లబడతాయి. "జీ ఘబరారా బేటా" అంటుంది. కోడలు అల్మారాలోంచి ఖమీరా డబ్బా తీసి ఒక చెంచాడు నోట్లో పెడుతుంది, వెనకే ఒక గ్లాసు గులాబీ షర్బత్ ఇస్తుంది. పది నిమిషాలకు దాదీ కాస్త తేరుకుంటుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆమె పొద్దున బీపీ మాత్ర, షుగర్ మాత్ర కూడా వేసుకుందన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాదు.

ఆ గుబులుకు కారణం లేకపోలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. పాలకాయతిప్ప లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి చెట్లు పట్టుకుని బతికినవాళ్లకు, వాళ్ల ఒళ్లో పెరిగిన పిల్లలకు నవంబరు గాలి అంటే ఇప్పటికీ వేరే అర్థం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా కృష్ణా డెల్టా ఊళ్లలో చాలామందికి నిద్ర లేదు. ఇది పిరికితనం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. ఒకసారి చావును దగ్గరగా చూసిన శరీరం మళ్లీ అలాంటి చప్పుడు వినగానే ముందుగానే పరుగుకు సిద్ధమవుతుంది. గుండె వేగం, చెమట, అరచేతుల చల్లదనం అన్నీ ఆ సిద్ధపాటే.

తుఫాను లేని రోజుల్లో కూడా గాబరాకు కొదవేం లేదు. కువైట్‌లో ఉన్న కొడుకు రెండు రోజులు ఫోను చేయకపోతే గాబరా. అమ్మాయి నీట్ ఫలితాలు రేపంటే గాబరా. నిశ్చితార్థం అయ్యాక మగపెళ్లివారు మాట మారిస్తే గాబరా. ఇలాంటప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఎవరికీ తోచదు. ముందు వంటింట్లోకి, తర్వాత మూలికల దుకాణానికి వెళతారు. వెళ్లడం తప్పు కాదు. అక్కడ చేతికి వచ్చేది ఏమిటో తెలుసుకుని వెళ్లాలి, అంతే.

పాత హకీములు ఏమన్నారు

బందరు అన్న మాటే పారశీక మాట. ఓడరేవు అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది వాళ్ల ప్రధాన రేవు, పర్షియాతో ఓడల రాకపోకలు ఉండేవి. గోల్కొండలో ఇరాన్ నుంచి వచ్చిన హకీములు కొలువు చేశారు. కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో హకీముల సమాధులు కూడా ఉన్నాయి. 1595 ప్రాంతంలో హైదరాబాద్‌లో కట్టిన దారుష్షిఫా ఆసుపత్రి ఆ కాలందే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో గావ్‌జబాన్, ఉస్తుఖుద్దూస్, అస్రోల్ లాంటి పేర్లు ఇంకా నోటి మీద ఉన్నాయంటే ఈ యునానీ వైద్యం చలవే.

యునానీలో గుండె దడను ఖఫ్‌ఖాన్ అంటారు. మనసును ఉల్లాసపరిచే మందులకు ముఫర్రిహ్ అని ఒక తరగతే ఉంది. ఇబ్న్ సీనా గుండె మందుల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు, మనసు దిగులుకూ గుండెకూ ఉన్న సంబంధం గురించి అందులో చర్చించారు. ఆయనకంటే ముందే, 9, 10 శతాబ్దాల్లో జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఒంటి ఆరోగ్యానికీ మనసు ఆరోగ్యానికీ కలిపి ఒకే పుస్తకం రాసి భయాన్ని, దిగులును, కోపాన్ని, వదలని ఆలోచనలను విడివిడిగా వివరించారు. ఇంట్లో అవసరానికి మందులు దాచుకున్నట్టే, భయం ముంచుకొచ్చినప్పుడు పనికొచ్చే ఆలోచనలను మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే సిద్ధం చేసి పెట్టుకోవాలన్నది ఆయన సలహా. వెయ్యేళ్ల తర్వాత మానసిక వైద్యులు కౌన్సెలింగ్‌లో చెబుతున్నది ఇంచుమించు ఇదే. గాబరాకు మూలికలే మందు అని పాత హకీములు కూడా అనుకోలేదన్నమాట.

డబ్బాలో ఉన్నది ఏమిటి

ఖమీరా గావ్‌జబాన్, ఖమీరా ఆబ్రేషమ్, ఖమీరా మర్వారీద్. మూలికల కషాయాన్ని చక్కెర పాకంలోనో తేనెలోనో కలిపి, తెల్లబడేదాకా బాగా గిలకొడితే వచ్చే ముద్ద ఖమీరా. గావ్‌జబాన్ అంటే పారశీకంలో ఆవు నాలుక. ఆకు అంత గరుకుగా ఉంటుంది మరి. ఆబ్రేషమ్ అంటే పట్టుపురుగు గూడు, మర్వారీద్ అంటే ముత్యం.

పేరు ఏదైనా డబ్బాలో బరువు ప్రకారం ఎక్కువగా ఉండేది చక్కెరే. షుగర్ ఉన్నవాళ్లు రోజుకు రెండు పూటలా చెంచాడు చొప్పున తింటే, అన్నం తగ్గించి సాధించింది ఇక్కడ పోగొట్టుకున్నట్టే. "మందే కదా, మిఠాయి కాదుగా" అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నాలుకకు మందైనా రక్తానికి అది చక్కెరే. గుల్‌కంద్‌కూ, సీసాల్లో వచ్చే షర్బత్‌లకూ ఇదే మాట వర్తిస్తుంది. మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో అంకె ఎందుకు పెరిగిందో తెలియక డాక్టరు మాత్ర మోతాదు పెంచేస్తారు. ఖమీరా సంగతి ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

గావ్‌జబాన్ గురించి ఇంకో విషయం. యూరప్‌లో ఈ పేరుతో వాడే మొక్క వేరు, మన దేశంలో దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఎండాకు దాని కుటుంబానికే చెందిన మరో మొక్కది. ఈ కుటుంబంలోని చాలా మొక్కల్లో కాలేయానికి హాని చేసే పదార్థాలు కొద్దికొద్దిగా ఉంటాయి. నాలుగు రోజులు కషాయం తాగితే భయపడాల్సిన పని లేదు. నెలల తరబడి రోజూ తాగడం, గర్భిణులు తాగడం, కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు తాగడం మాత్రం మంచిది కాదు.

ఖస్ వేరు, ఖస్‌ఖస్ వేరు

పేర్ల దగ్గర మన ఇళ్లలో జరిగే పొరపాట్లు అన్నీ ఇన్నీ కావు. ఖస్ అంటే వట్టివేళ్లు. ఎండాకాలం కుండలో వేసుకుంటే నీళ్లు చల్లగా, వాసనగా ఉంటాయి, ప్రాణం హాయిగా అనిపిస్తుంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఖస్‌ఖస్ అంటే గసగసాలు. గసగసాలు నూరి పాలల్లో కలిపి రాత్రిపూట ఇస్తే నిద్ర పడుతుందని డెల్టా పల్లెల్లో హిందూ, ముస్లిం తేడా లేకుండా నమ్ముతారు. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. గింజలో మత్తు పదార్థం దాదాపు ఉండదు, కానీ కాయ పాలు అంటుకున్న గింజలో జాడలు ఉండొచ్చు. కూరలో మసాలాగా వేసుకునేంతవరకు ఇబ్బంది లేదు. పసిపిల్లలకు నిద్ర కోసం పట్టడం మాత్రం ప్రమాదం.

గల్ఫ్‌కు మనుషుల్ని పంపే కుటుంబాలు దీన్ని ఇంకో కారణంతో గుర్తుపెట్టుకోవాలి. యూఏఈ, సౌదీ అరేబియా లాంటి దేశాల్లో గసగసాలు నిషిద్ధం. అక్కడ అవి మత్తుపదార్థాల కింద లెక్క. "అక్కడ మనసు బాగోదు, నిద్ర పట్టదు, తీసుకెళ్లు" అని అమ్మీ ప్రేమగా సూట్‌కేసులో పెట్టిన పొట్లం విమానాశ్రయంలో కొడుకును జైలుదాకా తీసుకెళ్లగలదు. విడి జాజికాయ మీద కూడా సౌదీలో ఆంక్షలున్నాయి. ఇంట్లో మందులు, దినుసులు పంపే ముందు ఆ దేశం నిబంధనలు ఒకసారి చూసుకోవాలి.

జాజికాయ సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పుకోవాలి. సానరాయి మీద ఒకటి రెండు చుట్లు అరగదీసి పాలల్లో కలపడం వేరు, నిద్ర రాలేదని అరకాయ, కాయ పొడి చేసుకుని మింగడం వేరు. మోతాదు పెరిగితే జాజికాయ విషమే. నోరెండిపోవడం, గుండె దడ, అయోమయం, లేనివి కనిపించడం మొదలై ఒక రోజు దాకా వదలవు. గాబరా తగ్గడానికి తీసుకున్నదే గాబరాను నాలుగింతలు చేస్తుంది. చంటిపిల్లలకు చిటికెడు కూడా వద్దు.

మూడోది ఖురాసానీ అజ్వాయిన్. పేరు విని వాము అనుకుంటారు. దీనికీ వంటింటి వాముకూ చుట్టరికం లేదు. ఇది ఉమ్మెత్త కుటుంబం మొక్క గింజ. యునానీలో నిద్రకు, నొప్పికి వాడే కొన్ని మందుల్లో హకీములు కొలతతో వేస్తారు. మన దేశపు మందుల నిబంధనల్లో విషపదార్థాల పట్టికలో దీని పేరు ఉంది, ఇది కలిసిన మందు డబ్బా మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ముద్రించాలి. దుకాణంలో పొట్లం కట్టించుకునేటప్పుడు "అజ్వాయిన్" అని ఊరుకోకుండా "వంటల్లో వేసే వాము" అని అడగడం క్షేమం.

ప్రపంచం చుట్టి వచ్చిన వేరు

గాబరా మందుల్లో అన్నిటికంటే పెద్ద చరిత్ర ఉన్నది అస్రోల్‌కే. తెలుగులో సర్పగంధ, పాతాళగంధి అంటారు. ఉత్తరాదిలో పిచ్చికి మందుగా పల్లెల్లో తరతరాలుగా వాడేవారు. ఢిల్లీలో తిబ్బియా కాలేజీ నెలకొల్పిన హకీం అజ్మల్ ఖాన్ ఈ వేరును విలువైన మందుగా గుర్తించారు. మన మూలికలను ప్రయోగశాలలో పరీక్షించి చూడాలని పట్టుబట్టిన హకీం ఆయన. ఆ పని కోసమే జర్మనీలో చదువుకుంటున్న సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే యువకుడికి అండగా నిలిచారు. అజ్మల్ ఖాన్ 1927లో కన్నుమూశారు. 1931లో సిద్దీఖీ ఆ వేరులోంచి కొన్ని పదార్థాలను విడదీసి, ఒకదానికి హకీంగారి పేరు మీద అజ్మలీన్ అని పెట్టారు. ఒక రకం గుండె లయ జబ్బును గుర్తించే పరీక్షలో ఆ అజ్మలీన్‌ను వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు.

అదే 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు బీపీకి, మతిభ్రమణానికి పనిచేస్తోందని రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన బీపీ రోగుల అనుభవాలను ఇంగ్లండు పత్రికలో ప్రచురించాక ప్రపంచం చూపు ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ దీన్నుంచి రిసెర్పిన్ అనే పదార్థాన్ని తీసింది. రెండేళ్లలో అమెరికా మానసిక ఆసుపత్రుల్లో దాన్ని వాడారు. మనసు జబ్బులకు మాత్రలు అన్న ఆలోచనే కొత్తగా ఉన్న ఆ కాలంలో దారి చూపిన తొలి మందుల్లో ఇది ఒకటి.

కథ ఇక్కడితో ఆగి ఉంటే గర్వంగా చెప్పుకుని ఊరుకోవచ్చు. కానీ రిసెర్పిన్ వాడినవాళ్లలో కొందరు లోతైన దిగులులో పడిపోయారు. ఎందుకంటే ఈ మందు నరాల చివర్లలో నిల్వ ఉండే రసాయనాలను ఖాళీ చేస్తుంది. ఉద్వేగం తగ్గుతుంది, బీపీ తగ్గుతుంది, దాంతోపాటు ఉత్సాహం కూడా తగ్గొచ్చు. తర్వాత మెరుగైన మందులు వచ్చాక డాక్టర్లు దీన్ని దాదాపు పక్కన పెట్టేశారు.

యునానీ దుకాణాల్లో మాత్రం అస్రోల్ మాత్రలు ఇప్పటికీ బీపీకి, నిద్రకు దొరుకుతున్నాయి. దవా ఉష్ షిఫా అన్న పేరుతో వచ్చే మందులో ప్రధాన దినుసు ఇదే. చదువుకున్న హకీం చూసి, బీపీ కొలిచి ఇస్తే అది వైద్యం. "మా బావమరిదికి బాగా పనిచేసింది" అని ఎవరో చెబితే కొనుక్కొచ్చి, ఉన్న బీపీ మాత్రకు తోడుగా వేసుకుంటే, తెల్లవారుజామున ఫజ్ర్‌కు లేచినప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. దిగులు జబ్బు ఉన్నవాళ్లు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోకూడదు.

పెన్నేరు పొడి సరదా

ఈమధ్య అందరి నోటా అశ్వగంధే. తెలుగులో పెన్నేరు, యునానీలో అస్గంద్. దీని మీద హైదరాబాద్‌లోనే జరిగిన ఒక పరీక్ష ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 2012లో ప్రచురించిన ఆ పరీక్షలో బాగా ఒత్తిడిలో ఉన్న 64 మందిని తీసుకుని, సగం మందికి వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి మందు లేని ఉత్తి గొట్టాలు 60 రోజులు ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో ఒత్తిడి కొలతలూ, రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనూ స్పష్టంగా తగ్గాయి. తర్వాత ఇలాంటివి మరికొన్ని జరిగాయి, ఫలితాలు మొత్తం మీద మంచివైపే ఉన్నాయి.

అయితే ఆ 64 మంది చిన్న గుంపు. వాళ్లకు ఇచ్చింది కొలిచి తయారుచేసిన సారం, దుకాణంలో కిలోల లెక్కన అమ్మే పొడి కాదు. రెండు నెలలకు మించి ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందన్నది ఆ పరీక్ష చెప్పదు. కొద్దిమందిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి, 2023లో డెన్మార్క్ దీన్ని నిషేధించింది కూడా. ఇంకో చిక్కు ఉంది. పెన్నేరు థైరాయిడ్ హార్మోనును పెంచగలదు. థైరాయిడ్ ఎక్కువై గుండె దడగా ఉన్న మనిషి దాన్ని గాబరా అనుకుని పెన్నేరు తింటే నిప్పులో నూనె పోసినట్టే. గర్భంతో ఉన్నవాళ్లు వాడకూడదు. షుగర్, బీపీ, నిద్ర మాత్రలు వేసుకునేవాళ్లు అడగకుండా వాడకూడదు, వాటి ప్రభావాన్ని ఇది మరింత పెంచుతుంది.

భయం లేకుండా వాడుకోదగినవి

మూలికలన్నీ ప్రమాదమేనని కాదు. గుల్-ఎ-బాబూనా పూల మీద 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 57 మందితో చేసిన పరీక్షలో, సారం గొట్టాలు తీసుకున్నవారికి ఎనిమిది వారాల్లో ఆందోళన ఒక మోస్తరుగా తగ్గింది. బాబూనా అంటే మన పెరట్లో పూజకు, జడకు పూసే చామంతి కాదు, వేరే మొక్క. చెంచాడు ఎండు పూలు వేడినీళ్లలో పది నిమిషాలు మూతపెట్టి వడకట్టుకుంటే చాలు. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్లకు మాత్రం ఇది పడదు.

ఉస్తుఖుద్దూస్‌ను హకీములు మెదడుకు చీపురు అని ముద్దుగా పిలుస్తారు. ఇది లావెండర్ జాతి పువ్వు. జర్మనీలో ఇదే కుటుంబంలోని మరో లావెండర్ నూనెను గొట్టాల్లో పెట్టి ఇచ్చి చూస్తే ఆందోళన తగ్గినట్టు పలు పరీక్షల్లో తేలింది. దుకాణంలో దొరికే సువాసన నూనె తాగేది కాదు. దిండు మీద ఒక చుక్క వేసుకోవచ్చు, అంతవరకే.

పన్నీరు కూడా అంతే. తాగడానికి పనికొచ్చే అర్క్-ఎ-గులాబ్ వేరు, ముఖానికి రాసుకునే రోజ్‌వాటర్ సీసా వేరు.

సరస్వతి ఆకు, నీటి సాంబ్రాణి ఆకు రెండింటినీ బ్రాహ్మి అనే అమ్ముతారు. నిజానికి ఇవి రెండు వేరువేరు మొక్కలు. మన దగ్గర తడి గట్ల మీద, కాలువ ఒడ్డున వాటంతటవే పెరుగుతాయి. పచ్చడి చేసుకుని తింటే మంచిదే. కానీ గుడివాడ, బందరు వైపు మురుగు కాలువల పక్కన, చేపల రొయ్యల చెరువుల గట్ల మీద పీకిన ఆకు తినొద్దు. చెరువుల్లో వేసిన మందులు, డ్రెయిన్లలో వచ్చే మురుగు అంతా ఆ నేలలోకే దిగుతుంది. కుండీలో నాటుకుంటే నెలన్నరలో ఇంటికి సరిపడా వస్తుంది.

ఇక తల్బీనా. బార్లీ పిండిని పాలల్లో జావగా కాచి తేనె కలిపేది. ఇంట్లో ఎవరైనా చనిపోయి దుఃఖంలో ఉన్నప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఇది వండించేవారని, రోగి గుండెకు ఊరటనిస్తుందని ప్రవక్త (స) చెప్పినట్టు హదీసుల్లో ఉంది. 2013లో మలేషియాలో వృద్ధాశ్రమాల్లో దిగులుతో ఉన్న 30 మందికి కొన్నాళ్లు ఇది ఇచ్చి చూస్తే వాళ్ల దిగులు కొంత తగ్గిందని ప్రచురించారు. చిన్న పరీక్షే, అదీ దిగులు మీద, గాబరా మీద కాదు. అయినా ఆకలి చచ్చిపోయిన మనిషికి వేడివేడిగా గిన్నెడు జావ, పక్కన కూర్చుని తినిపించే ఒక మనిషి ఉంటే అది మేలే చేస్తుంది. షుగర్ ఉంటే తేనె లేకుండా చేసుకోవచ్చు.

కలిపే ముందు తీసేయాల్సింది

ఒంట్లోకి ఏం వేయాలని అడిగే ముందు ఏం వేస్తున్నామో చూసుకోవాలి. మన ఇళ్లలో టీకి లెక్క ఉండదు. పొద్దున లేవగానే, నాస్తాకు, చుట్టం వస్తే, అసర్ తర్వాత, రాత్రి భోజనం అయ్యాక. టీలోని కెఫీన్ గుండె వేగాన్ని పెంచుతుంది, చేతులు వణికిస్తుంది, నిద్రను చెడగొడుతుంది. సాయంత్రం 5కు తాగిన టీలో దాదాపు సగం కెఫీన్ రాత్రి 10కి కూడా ఒంట్లోనే ఉంటుంది. జర్దా, గుట్కా, సిగరెట్ల సంగతీ అంతే. తీసుకున్న క్షణం హాయి, గంట తర్వాత దడ. చాలామందికి సాయంత్రం నాలుగు దాటాక టీ మానేస్తే ఖమీరా అవసరం కొంత తగ్గొచ్చు. ఒక్కసారిగా ఆపితే తలనొప్పి వస్తుంది కాబట్టి రోజుకో కప్పు చొప్పున తగ్గించుకోవాలి. రంజాన్‌కు పది రోజుల ముందు ఇలా మొదలుపెట్టేవారికి మొదటి రోజాలు తేలికగా గడుస్తాయి.

గాబరా ఉన్నట్టుండి ఎగదన్నుకొచ్చినప్పుడు మూలిక ఏదీ ఆ క్షణానికి అందదు. అరగంట తర్వాత గానీ కడుపులోంచి రక్తంలోకి వెళ్లదు. అప్పుడు చేయగలిగింది శ్వాస. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. ఊపిరి వదిలే సమయం పెరిగితే గుండె వేగం దానంతటదే తగ్గుతుంది. ఇలాంటి దాడి పది నిమిషాల్లో శిఖరానికి చేరి, తర్వాత దిగిపోవడం మామూలు. చెంచాడు ఖమీరా తిన్న పది నిమిషాలకు దాదీ తేరుకోవడంలో ఖమీరా వాటా ఎంతో, గడిచిన సమయం వాటా ఎంతో, పక్కన కూర్చుని చేయి పట్టుకున్న కోడలి వాటా ఎంతో ఆలోచించాలి.

గాబరా కానిది

దడ అన్నదల్లా గాబరా కాదు. ఇదే అసలు జాగ్రత్త. షుగర్‌కు ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేసిన మనిషికి చెమటలు, వణుకు, కంగారు వస్తే అది షుగర్ పడిపోవడం. అప్పుడు కావాల్సింది వెంటనే రెండు మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్, కషాయం కాదు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లకు మెట్లెక్కితే దడ వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైతే దడతోపాటు బరువు తగ్గుతారు, వేడి ఓర్వలేరు. ఇవి తేల్చడానికి ఖరీదైన పరీక్షలేం అక్కర్లేదు. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, ఒక ఈసీజీ చాలు. మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి 2023 నుంచి మెడికల్ కాలేజీ ఆసుపత్రిగా మారింది, మామూలు ఓపీ నుంచే మొదలుపెట్టొచ్చు.

ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఊపిరి ఆడకపోవడం ఉంటే షర్బత్ కలుపుతూ కూర్చోకూడదు. 108కి ఫోను చేయాలి. షుగర్ ఉన్నవాళ్లకూ ఆడవాళ్లకూ గుండెపోటు నొప్పి లేకుండా ఉత్త గాబరాలాగే రావొచ్చు.

గాబరా రెండు వారాలకు పైగా రోజూ ఉండి, పని, వంట, చదువు, నిద్ర చెడుతుంటే అది మూలికతో నెట్టుకొచ్చే దశ దాటినట్టు. నజర్ తగిలిందనో, అసర్ ఉందనో కొందరు ఊదించుకుంటారు. దువా చేయించుకోవడం, డాక్టరుకు చూపించుకోవడం ఒకదానికొకటి అడ్డు కాదు. ఇంట్లోంచి కదలలేనివాళ్లు, నలుగురికీ తెలుస్తుందని వెనకాడేవాళ్లు 14416కు ఫోను చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ సేవ ఇది. ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు నిద్రకో ఆందోళనకో ఆల్ప్రజోలం లాంటి మాత్రలు ఇచ్చి ఉంటే, మూలిక దొరికింది కదా అని వాటిని ఒక్కరోజులో ఆపేయకూడదు. అలా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

హకీంను నమ్ముకునేవాళ్లు ఆయన బీయూఎంఎస్ చదివారో లేదో అడగడానికి మొహమాటపడొద్దు. కర్నూలులో, హైదరాబాద్ చార్మినార్ దగ్గర యునానీ కాలేజీలు ఉన్నాయి, ఐదున్నరేళ్ల చదువు అది. చదివిన హకీం మీ బీపీ, షుగర్ మాత్రల పేర్లు తానే అడుగుతారు. ఆయన దగ్గరికైనా, డాక్టరు దగ్గరికైనా వెళ్లేటప్పుడు ఒక సంచిలో ఇంట్లో ఉన్న మాత్రల అట్టలు, ఖమీరా డబ్బా, పొడుల పొట్లాలు అన్నీ వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. పొట్లం మీద పేరు లేకపోతే కొన్నచోటే అడిగి రాయించుకోండి.